తుఫాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేకపోతే పల్లెలో అమ్మానాన్నల ఇంటికి ఏ ఏర్పాటు మంచిది?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది పలాస దగ్గర ఉద్దానం పల్లె. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను, ఊళ్లో అమ్మా నాన్నా ఇద్దరే ఉంటారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరం దాటినప్పుడు కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ ఒరిగిపోయి, మా వైపు చాలా రోజులు చీకట్లోనే గడిపారు. తుఫాన్ల కాలం దగ్గరపడుతుంటే నాకు ఇక్కడ నిద్ర పట్టడం లేదు.

ఇంట్లో 850 వీఏ ఇన్వర్టరు, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఉన్నాయి. మామూలు కోతలకు ఏ ఇబ్బందీ లేదు. నాన్నకు షుగర్, ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంటుంది. నీళ్లకు 1 హెచ్‌పీ బోరు మోటారు. షాపువాళ్లు ఇంకో బ్యాటరీ వేయించుకోమంటున్నారు, మా బావ జనరేటర్ కొనమంటున్నాడు, పక్కింటివాళ్లు సోలార్ పెట్టించుకున్నారు. ఏది చేస్తే వారం గడుస్తుంది?

జవాబు: ఇన్వర్టర్లు, సోలార్ బిగించే ఎలక్ట్రీషియన్, శ్రీకాకుళం

తమ్ముడూ, ఇంకో బ్యాటరీ మాట ముందు పక్కన పెట్టు. రెండు గంటల కోతకు బ్యాటరీ పెద్దదా చిన్నదా అని చూడాలి. వారం రోజుల కోతకు అయిపోయిన బ్యాటరీని దేనితో మళ్లీ నింపుతావో చూడాలి. రెండు బ్యాటరీలున్నా రెండో రోజు రాత్రికి రెండూ ఖాళీ. పైగా ఖాళీ అయిన ట్యూబులర్ బ్యాటరీని ఛార్జింగ్ లేకుండా అలా రోజుల తరబడి వదిలేస్తే పాడైపోతుంది.

లెక్క చూడు. 150 ఏహెచ్, 12 వోల్టులు అంటే పేరుకు 1800 వాట్ అవర్లు. బ్యాటరీని పూర్తిగా పిండకూడదు, ఇన్వర్టరు కూడా కొంత తింటుంది. చేతికి వచ్చేది సుమారు 900. పాత ఫ్యాను ఒక్కోటి 75 వాట్లు. రెండు ఫ్యాన్లు పది గంటలు తిరిగితే 1500, అంటే తెల్లవారకముందే ఆగిపోతాయి. అదే తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ రకం ఫ్యాన్లయితే ఒక్కోటి 30 వాట్లు, రెండూ రాత్రంతా తిరిగినా 600. మూడు ఎల్‌ఈడీ బల్బులు, రెండు ఫోన్లు కలిపినా 800 లోపే. కాబట్టి నీ మొదటి ఖర్చు రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు. ఉన్న బ్యాటరీయే రెట్టింపు అయినట్టు పనిచేస్తుంది. ఇంకో మాట, వాడకం లేనప్పుడు ఇన్వర్టరును ముందు బటన్ దగ్గర ఆపేయమని అమ్మకు చెప్పు. ఊరికే ఆన్‌లో ఉన్నా రోజంతా కరెంటు తాగుతూనే ఉంటుంది.

ఇక నింపడం. 165 వాట్ల 12 వోల్టుల ప్యానెళ్లు రెండు, ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్లే కరెంటును అదుపుచేసే 30 ఆంపియర్ల ఛార్జ్ కంట్రోలర్ ఒకటి తీసుకుని ఉన్న బ్యాటరీకే కలపొచ్చు. మంచి ఎండ ఉంటే రోజుకు సుమారు 1000 వాట్ అవర్లు ఇస్తాయి, మనం వేసుకున్న వాడకానికి సరిపోతుంది. మబ్బు రోజున అందులో పావు వంతు వచ్చినా గొప్పే. అయితే తుఫాను దాటాక ఒకటి రెండు రోజుల్లో సాధారణంగా ఎండ కాస్తుంది, కరెంటు రావడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది. కొనేటప్పుడు ఒకటి గమనించు. 335 వాట్ల పెద్ద ప్యానెల్ చవగ్గా వస్తుందని తెచ్చి, మామూలు పీడబ్ల్యూఎం కంట్రోలర్‌తో 12 వోల్టుల బ్యాటరీకి కలిపితే మూడో వంతే చేతికొస్తుంది. దానికి ప్యానెల్ వోల్టేజిని బ్యాటరీకి తగ్గట్టు మార్చే ఎంపీపీటీ కంట్రోలర్ కావాలి. ప్యానెళ్లను బోల్టులు విప్పితే చేతికొచ్చేలా బిగించమను. హెచ్చరిక రాగానే దించి, ఇంట్లో గోడకు ఆనించి పెట్టేయాలి.

ప్రశ్న అడిగినవారు

అన్నా, చాలా సంతోషం. పక్కింటివాళ్లది సబ్సిడీ మీద వేయించిన 3 కిలోవాట్ల సోలార్. అవసరమైతే వాళ్ల దగ్గర నుంచి వైరు లాక్కోవచ్చా?

జవాబు: ఎలక్ట్రీషియన్

అది నెట్ మీటర్ పెట్టి కరెంటు లైనుకే కలిపిన ఆన్‌గ్రిడ్ సోలార్ అయి ఉంటుంది. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ వస్తోంది కాబట్టి చాలామంది అదే వేయించుకుంటున్నారు. బిల్లు తగ్గించడానికి అది బంగారం లాంటిది. కానీ లైన్లో కరెంటు పోగానే అది కూడా ఆగిపోతుంది, నడినెత్తిన ఎండ ఉన్నా సరే. లైను బాగుచేసే మనుషులకు వెనక నుంచి షాక్ కొట్టకుండా అలా తయారుచేస్తారు. బ్యాటరీతో కలిసిన హైబ్రిడ్ ఇన్వర్టరు ఉంటేనే కోతలో పనిచేస్తుంది. వాళ్లదేమిటో ఒకసారి అడిగి చూడు.

జవాబు: విశాఖ, మధురవాడ నుంచి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మా మీదుగానే దాటింది. ఆ అనుభవంతో చెబుతున్నాను, జనరేటర్ కొంటే మంచిదే కానీ పెట్రోలు సంగతి ముందే చూసుకోవాలి. తుఫాను తర్వాత బంకుల దగ్గర బారులు తీరతారు. బంకులో పంపు తిరగాలన్నా కరెంటే కావాలి కదండీ.

మీ 1 హెచ్‌పీ మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుకన్నా ఎన్నో రెట్లు లాగుతుంది. చిన్న 1 కేవీఏ జనరేటర్ దాన్ని కదిలించలేదు. 3 కేవీఏ అయినా ఉండాలి. మీ 850 వీఏ ఇన్వర్టరు మీద మోటారు పెట్టే ఆలోచన అసలు చేయొద్దు. అంత జనరేటర్ గంటకు దాదాపు లీటరు తాగుతుంది. అందుకే రోజంతా నడపకుండా ఉదయం గంట, సాయంత్రం గంట నడపాలి. ఆ గంటలోనే మోటారు, ఫ్రిజ్, బ్యాటరీ ఛార్జింగ్, ఫోన్లు అన్నీ కానివ్వాలి. ముందు మోటారు వేసి, అది అందుకున్నాక ఫ్రిజ్ పెట్టండి. రెండూ ఒకేసారి వద్దు.

ఇంకో తెలియని చిక్కుంది. జనరేటర్ నుంచి వచ్చే కరెంటు వోల్టేజి నిలకడగా ఉండదు, అందుకని ఇన్వర్టరు దాన్ని ఒప్పుకోక ఛార్జింగే మొదలుపెట్టదు. చాలా ఇన్వర్టర్లకు వెనక యూపీఎస్, నార్మల్ అని చిన్న స్విచ్ ఉంటుంది. దాన్ని నార్మల్‌కు మారిస్తే తీసుకుంటుంది. ఛార్జింగ్ కూడా 15 ఆంపియర్ల దగ్గరే సాగుతుంది కాబట్టి రెండు గంటల్లో 30 ఏహెచ్ కన్నా ఎక్కువ నిండదు. ఒంటరిగా జనరేటర్‌తో బ్యాటరీ నిండుతుందని అనుకోవద్దు, అన్నగారు చెప్పిన ప్యానెళ్లు తోడుండాలి.

మీ ఇంట్లో ఇద్దరే ఉంటారు కాబట్టి కొనడం కన్నా నాలుగైదు ఇళ్లు కలిసి టెంట్ హౌస్ జనరేటర్ అద్దెకు మాట్లాడుకోవడం నయం అని నా అభిప్రాయం. పెద్దవాళ్లు తాడు లాగి స్టార్ట్ చేయడం కష్టం. తుఫాను ముందు రోజే మాట్లాడండి, తర్వాత దొరకదు. ట్యాంకు, డ్రమ్ములు, బిందెలు ముందే నింపించండి.

జవాబు: నర్సుగా పనిచేస్తున్న సభ్యురాలు

బాబూ, ఇన్సులిన్ కోసం ఫ్రిజ్‌ను రాత్రీ పగలూ బ్యాటరీ మీద నడపనక్కర్లేదు. నాన్నగారు ప్రస్తుతం వాడుతున్న సీసా లేదా పెన్ను ఎండ తగలకుండా 30 డిగ్రీల లోపు ఉంటే బయట కూడా చాలా రకాలు నాలుగు వారాలు పనిచేస్తాయి. వారి రకం సంగతి డబ్బా మీద రాసి ఉంటుంది, చూసుకోండి. మూత తీయని సీసాలకే 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం కావాలి. కాబట్టి తుఫాను వారంలో అదనంగా ఎక్కువ సీసాలు కొని పెట్టుకోకండి. ఒకటి వాడుకలో, ఒకటి నిల్వలో చాలు.

ఫ్రిజ్ ఆగిపోతే పెద్ద కుండలో తడి ఇసుక వేసి, మధ్యలో చిన్న కుండ దింపి, అందులో సీసాను పొడి డబ్బాలో పెట్టండి. నీడలో ఉంచి ఇసుక ఎండకుండా చూడండి. ఐసు ముక్కల్లో మాత్రం పెట్టొద్దు, గడ్డకట్టిన ఇన్సులిన్ పారేయాల్సిందే.

మరో సభ్యుడి ప్రశ్న, టెక్కలి నుంచి

మా పెద్దమ్మ ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే కరెంటు మిషను) మీద ఉంది, నిమిషానికి 2 లీటర్లు. మాకూ ఇలాంటి బ్యాటరీయే ఉంది. సరిపోతుందా?

జవాబు: నర్సు

సరిపోదమ్మా. నిమిషానికి 5 లీటర్ల దాకా ఇచ్చే మిషను 350 వాట్ల దాకా తీసుకుంటుంది. పైన చెప్పిన 900 వాట్ అవర్ల మీద రెండున్నర గంటలు నడుస్తుందేమో. ఇంట్లో సిలిండర్ ఉండి తీరాలి. బీ టైపు చిన్న సిలిండర్‌లో 1,500 లీటర్లుంటాయి, 2 లీటర్ల చొప్పున పన్నెండు గంటలకు పైగా వస్తుంది. పెద్ద డీ టైపులో 7,000 లీటర్లు, రెండు రోజులకు మించి వస్తుంది. రెగ్యులేటర్ ముందే బిగించి చూసుకోండి. నా మాట వింటే, తుఫాను హెచ్చరిక రాగానే పెద్దమ్మను ఆసుపత్రి దగ్గర్లో ఉన్న బంధువుల ఇంటికి చేర్చండి. రోడ్ల మీద చెట్లు పడ్డాక అంబులెన్సు కూడా రాలేదు.

జవాబు: కరెంటు లైన్లలో పనిచేసి రిటైరైన పెద్దాయన

నాయనలారా, మూడు సంగతులు చెబుతాను, ఇవి ప్రాణాలకు సంబంధించినవి. జనరేటర్‌ను వసారాలో కూడా పెట్టకండి. ఇంటికి దూరంగా, కిటికీలకు కనీసం 20 అడుగుల అవతల, ఆరుబయట పెట్టండి. ఆ పొగలో వాసన తెలియని విషవాయువు ఉంటుంది, నిద్రలోనే ప్రాణం పోతుంది. వాన పడుతుంటే పైన రేకు నిలబెట్టండి గానీ లోపలికి తేకండి.

రెండోది, జనరేటర్ వైరును గోడ సాకెట్‌లో గుచ్చి ఇల్లంతా వెలిగించుకునేవాళ్లను చూశాను. ఆ కరెంటు మీటరు దాటి ట్రాన్స్‌ఫార్మర్ దాకా వెళ్లి, అక్కడ వేల వోల్టులవుతుంది. స్తంభం మీద ఉన్న కుర్రాడు లైను ఆపారనే నమ్మకంతో చెయ్యి వేస్తాడు. ఇంటిని లైనుకో జనరేటర్‌కో ఒక్కదానికే కలిపే చేంజోవర్ స్విచ్ పెట్టించండి, లేదా ఎక్స్‌టెన్షన్ బోర్డుతో నేరుగా వాడుకోండి.

మూడోది, కరెంటు తిరిగి వచ్చే రోజు. కొత్తగా లాగిన లైన్లో న్యూట్రల్ సరిగ్గా కలవకపోతే 230 రావాల్సిన చోట 300 దాటి వస్తుంది. అందుకని కరెంటు పోయిన రోజే ఫ్రిజ్, టీవీ ప్లగ్గులు పీకేసి, ఇన్వర్టరు ఇన్‌పుట్ స్విచ్ కూడా ఆపమను. వచ్చాక ముందు ఒక్క బల్బు వేసి, వోల్టేజి చూపించే చిన్న మీటరు ప్లగ్గు ఉంటే దాంతో పావుగంట చూసి, 200కు 250కి మధ్య నిలబడితేనే ఒక్కొక్కటిగా పెట్టుకోవాలి. తేడా కనిపిస్తే మెయిన్ ఆపేసి 1912కు ఫోన్ చేయమను.

ప్రశ్న అడిగినవారు

అందరికీ దండాలు. ఈ నెల ఫ్యాన్లు మార్చి, ప్యానెళ్లు, ఎంపీపీటీ కంట్రోలర్ పెట్టిస్తాను. జనరేటర్ కొనను, మా వీధిలో వాళ్లతో కలిసి అద్దెకు మాట్లాడతాను. అన్నా, బ్యాటరీ నేల మీద ట్రాలీలో ఉంది, వరద నీళ్లు వస్తే?

జవాబు: ఎలక్ట్రీషియన్

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కింది అంతస్తులు మునిగాయి కదా, నేల మీదున్న బ్యాటరీకి అలాంటప్పుడు దారి లేదు. నీళ్లు మీ గడపలోకి ఎంత ఎత్తు వచ్చాయో నాన్నను అడిగి, దానికి రెండు అడుగులు పైన సిమెంటు దిమ్మ కట్టించు. 150 ఏహెచ్ బ్యాటరీ 50 కిలోలకు పైనే ఉంటుంది, చెక్క అల్మరా మీద పెట్టొద్దు. గాలి ఆడే చోటు చూడు. ఎత్తే ముందు డిస్టిల్డ్ వాటర్ మట్టం చూసి నింపించు, కుళాయి నీళ్లు పోయనివ్వకు.