ఫిల్మ్ సిటీకి వెళ్తే గది లోపల తీసుకోవాలా, బయట తీసుకోవాలా?

మధురవాడ_నాన్న:
అందరికీ నమస్కారం. దసరా సెలవల్లో మన విశాఖ నుంచి హైదరాబాదు వెళ్లి రామోజీ ఫిల్మ్ సిటీ చూపిస్తానని పిల్లలకి మాటిచ్చాను. మేం ఆరుగురం. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు, అమ్మ, 72 ఏళ్ల నాన్న. నాన్నకి మోకాళ్ల నొప్పులు. ఫిల్మ్ సిటీ లోపలే సితార, తార, శాంతినికేతన్ అని హోటళ్లున్నాయి. గది, టికెట్లు కలిపి ప్యాకేజీ ఇస్తున్నారు. హయత్‌నగర్, ఎల్బీనగర్ వైపు లాడ్జీలు అంతకంటే బాగా తక్కువలో దొరుకుతున్నాయి. వనస్థలిపురంలో మా పిన్ని వాళ్లిల్లు కూడా ఉంది. లోపల పెట్టే డబ్బుకి తగ్గ సుఖం ఉంటుందా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

గాజువాక_మావయ్య:
బాబూ, ఇందులో అంత ఆలోచించాల్సిందేముంది? పిన్ని ఇల్లు వనస్థలిపురంలో పెట్టుకుని హోటలు మాటెందుకు? నేను 1998 నుంచి ఇప్పటికి నాలుగుసార్లు వెళ్లాను. ఒక్కసారి కూడా లోపల ఉండలేదు, బంధువుల ఇంట్లోనే దిగాను. 1,666 ఎకరాలు తిరిగి తిరిగి కాళ్లు పడిపోయి వస్తాం, తిని పడుకుంటాం. కళ్లు మూసుకున్నాక సితార అయినా పిన్ని ఇంట్లో చాప అయినా ఒకటే. ఆ డబ్బుతో పాపకి స్కూలు ఫీజు ఒక టర్ముది కట్టుకోవచ్చు.

ఎంవీపీ_టీచర్:
లోపలే ఉండండి. మీతో పెద్దాయన ఉన్నారు కాబట్టి గట్టిగా చెప్తున్నాను. చాలామంది హైవే మీద గేటు చేరితే ఫిల్మ్ సిటీ చేరినట్టే అనుకుంటారు. టికెట్లు అక్కడ తీసుకుని, వాళ్ల బస్సెక్కి, కిలోమీటర్ల లోపలికి వెళ్తే గానీ అసలు చూడ్డం మొదలయ్యే యురేకా రాదు. తొమ్మిదింటికి తెరుస్తారు. ఆ వేళకి యురేకా దగ్గర ఉండాలంటే వనస్థలిపురంలో ఏడింటికే ఆరుగురూ స్నానాలు, టిఫిన్లు అయిపోయి బండెక్కాలి. నాలుగేళ్ల పిల్లాడితో అది అయ్యే పనేనా?

ఇక మధ్యాహ్నం సంగతి. మేం వెళ్లినప్పుడు మా మావగారు రెండింటికల్లా డీలా పడిపోయారు. తడి రుమాలు నుదుటి మీద వేసుకుని, చెప్పులు తల కింద పెట్టుకుని, ఒక సిమెంటు బెంచీ మీద పడుకున్నారు. ఆయన్ని వదిలి స్టంట్ షోకి వెళ్లడానికి ఎవరికీ మనసొప్పలేదు. గది లోపలే ఉండుంటే వెళ్లి గంటసేపు నడుం వాల్చి వచ్చేవారు. బయట గది ఉంటే మధ్యలో వెళ్లి రావడమన్నది ఉండదు.

డాబాగార్డెన్స్:
లోపల. పిల్లలకి అదే సరదా.

అక్కయ్యపాలెం:
ఎల్బీనగర్ నుంచి సిటీ బస్సులున్నాయి. ఆడవాళ్లకి ఫ్రీ. ఇక ఖర్చెక్కడ?

పెందుర్తి_డ్రైవర్:
ఆ ఫ్రీ తెలంగాణ ఆధార్ ఉన్నోళ్లకేనండి. మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9న పెట్టారు, అక్కడి అడ్రసు చూపించాలి. మన విశాఖ అడ్రసుకి టికెట్టు కొడతారు.

అక్కయ్యపాలెం:
మా చెల్లి మొన్ననే ఫ్రీగా వెళ్లింది.

పెందుర్తి_డ్రైవర్:
మీ చెల్లెలి గారి ఆధార్ ఎక్కడిదో ఒకసారి చూడండి.

అక్కయ్యపాలెం:
కూకట్‌పల్లిది. అయినా మన దగ్గరా ఫ్రీయే కదా, 2025 ఆగస్టు 15 నుంచి.

పెందుర్తి_డ్రైవర్:
మన స్త్రీశక్తి మన రాష్ట్రంలోనే చెల్లుద్ది. అక్కడ చెల్లదు. ఇది తేల్చకపోతే అక్కలు ఆధార్లు పట్టుకుని బస్సెక్కి కండక్టరుతో గొడవపడతారని చెప్తున్నాను.

సీతమ్మధార_తాతయ్య:
నాయనా, మా అమ్మాయి ఫ్లోరిడాలో ఉంటుంది. రెండేళ్ల కిందట ఓర్లాండోలో డిస్నీ వరల్డ్‌కి తీసుకెళ్లింది. అక్కడా వాళ్లింట్లో సరిగ్గా ఇదే తగువు. అక్కడ లోపలి హోటల్లో దిగినవాళ్లని రోజూ అందరికంటే అరగంట ముందు పార్కులోకి పంపిస్తారు. వరస తప్పించుకునే లైట్నింగ్ లేన్ అని డబ్బు కట్టి కొనేది ఒకటుంది. హోటల్ వాళ్లు ఏడు రోజుల ముందు నుంచి బుక్ చేసుకోవచ్చు, బయటివాళ్లకి మూడు రోజుల ముందే. పక్కనున్న యూనివర్సల్‌లో అయితే మూడు పెద్ద హోటళ్లలో దిగితే వరస తప్పించే పాసు గదితోపాటే వస్తుంది. అయితే అది పాత రెండు పార్కులకే. 2025లో తెరిచిన ఎపిక్ యూనివర్స్‌కి చెల్లదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, లోపలి గదికి ఎక్కువ పెడుతున్నామంటే ఆ ఎక్కువకి పార్కువాళ్లు ఏమిస్తున్నారో అడగాలి. డిస్నీవాళ్లు విమానాశ్రయం నుంచి హోటల్‌కి ఉచితంగా బస్సు వేసేవారు. 2022 జనవరిలో అదీ తీసేశారు. నిరుడిచ్చింది ఈ ఏడు ఉంటుందని లేదు. ఫిల్మ్ సిటీకి ఫోన్ చేసి మూడు సంగతులు కనుక్కో. టికెట్టు ఒక్క రోజుకా, రెండు రోజులకా? గది ఎన్నింటికి చేతికిస్తారు? హోటల్ నుంచి యురేకాకి బండి ఎన్ని నిమిషాలకొకటి? ఆ మూడూ తెలిస్తే మా ఎవరి సలహా నీకక్కర్లేదు.

గాజువాక_మావయ్య:
అమెరికా లెక్కలు ఇక్కడికి పనికిరావు గురువుగారూ. అక్కడ పిన్ని ఇల్లు ఉండదు.

టీచరమ్మా, మీరు మధ్యాహ్నం నిద్ర అంటున్నారు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తే తెల్లారేసరికి నాంపల్లిలో దించుతుంది. ఏ హోటల్లోనైనా మధ్యాహ్నం దాకా గది ఇవ్వరు. అప్పటిదాకా ఆరుగురూ సామాను పెట్టుకుని ఎక్కడ కూర్చుంటారు? అదే పిన్ని ఇంటికైతే పొద్దున్నే వెళ్లినా తలుపు తీసి కాఫీ ఇస్తారు. స్నానం చేసి, సామాను అక్కడ పడేసి బయల్దేరొచ్చు. ఈ ఒక్కదానికి సమాధానం చెప్పండి.

ఎంవీపీ_టీచర్:
చెప్తాను. వందేభారత్‌లో వెళ్లమనండి. మన దగ్గర పొద్దున్నే ఎక్కితే సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం రెండు దాటాక దిగుతారు. నేరుగా వెళ్లి గదిలో చేరి, ఆ సాయంత్రం విశ్రాంతి తీసుకుని, మర్నాడు తొమ్మిదింటికి హాయిగా మొదలుపెట్టొచ్చు.

గాజువాక_మావయ్య:
వందేభారత్‌కి ఆరు టికెట్లు, పైన ఇంకో రాత్రి గది. లెక్క పెరుగుతూ పోతోంది చూశారా.

పెందుర్తి_డ్రైవర్:
రైలు గొడవ ఎందుకండి. నేను ఆ రూట్లో పదేళ్లుగా బండి తోలుతున్నాను. మన ఆర్టీసీ కాంప్లెక్స్‌లో రాత్రి హైదరాబాదు బస్సెక్కితే విజయవాడ మీంచి వెళ్లినా, ఖమ్మం మీంచి సూర్యాపేటలో కలిసినా, ఆఖరికి ఫిల్మ్ సిటీ ముందు నుంచే వెళ్లాలి. సిటీలోకెళ్లి మళ్లీ వెనక్కి రావడం ఎందుకు? డ్రైవరుకి చెప్తే అక్కడే దింపుతాడు. లోపల గది ఉన్నోడికి అది మేలు.

ఇంకోటి, ఎవరూ చెప్పనిది. దసరా ముందు రోజుల్లో హైదరాబాదులో ఉన్న మన జనమంతా ఊళ్లకి బయల్దేరతారు. ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్ దాటేదాకా బండి కదలదు. మీరు వనస్థలిపురంలో ఉండి పొద్దున్న ఫిల్మ్ సిటీకెళ్లాలన్నా అదే రోడ్డు, అదే వైపు. మామూలు రోజుల్లో ఎల్బీనగర్ నుంచి అది సుమారు 20 కిలోమీటర్లు, ముప్పావు గంట. పండగ ముందు నేను మాట ఇవ్వలేను. బయట ఉండాలనుకుంటే పండగ అయిన రెండో రోజో మూడో రోజో పెట్టుకోండి.

డాబాగార్డెన్స్:
తిండి సంగతి కూడా చూసుకోండి. బయటి తిండి లోపలికి రానివ్వరు. పులిహోర మూట కట్టుకెళ్లి గేటు దగ్గర వదిలేశాం.

గాజువాక_మావయ్య:
పండగ ట్రాఫిక్ మాట ఒప్పుకుంటాను. తెల్లారి ఆరింటికి బయల్దేరితే సరి. మా చిన్నప్పుడు సింహాచలం చందనోత్సవానికి అర్ధరాత్రి నుంచి లైన్లో నిలబడేవాళ్లం, ఎవరూ చచ్చిపోలేదు. ఇప్పుడు ప్రతిదానికీ గది కావాలి, ఏసీ కావాలి. అసలు సంగతి ఒకటే. ఈ కాలం ఆడపిల్లలకి బంధువుల ఇల్లంటే బరువైపోయింది. ఊళ్లో పిన్ని ఉండగా హోటల్లో దిగితే ఆవిడ మనసు ఏమవుతుందో ఇక్కడ ఒక్కరూ అడగలేదు.

ఎంవీపీ_టీచర్:
మీరు ఆ మాట అన్నారు కాబట్టి నేనూ చెప్పేస్తాను.

మేం వెళ్లినప్పుడు మా ఆడపడుచు ఇంట్లో దిగాం. ఎల్బీనగర్‌లో రెండు బెడ్‌రూముల ఇల్లు. వాళ్లు అయిదుగురు, మేం ఆరుగురం. బాత్రూమొకటే, గీజరొకటే. ఆవిడ మంచిది, ఆవిడనేం అనను. కానీ అంతమంది వచ్చి పడితే ఆవిడొక్కతే చేసుకుంటూ ఉంటే నేను సోఫాలో కూర్చోగలనా? నాలుగింటికి లేచి చట్నీకి కొబ్బరి తురిమాను. రెండు పెనాల మీద దోసెలు వేస్తూనే ఉన్నాం. మగవాళ్లు తిన్నారు, పిల్లలు తిన్నారు, మా మావగారికి ఉల్లిపాయ లేకుండా వేరే వేశాం. ఆఖరి దోసె నేను నిలబడి తిన్నాను. ఫిల్మ్ సిటీలో అడుగుపెట్టేసరికి పదకొండు ఇరవై. పొద్దున ఆరంభ వేడుక అయిపోయింది. మా అబ్బాయి దానికోసమే నెల రోజుల నుంచి ఎదురుచూశాడు. రాత్రి ఎనిమిదింటికి తిరిగొస్తే మళ్లీ వంట. మర్నాడు ఎక్కడికీ వెళ్లలేదు, నాకు జ్వరం.

స్కూల్లో ఏడాదంతా పనిచేస్తే నాకు దొరికింది ఆ నాలుగు రోజులు. లోపలి గదికి అయ్యే డబ్బు ఎక్కువన్నారు. ఆ దోసెలకి ఎవరు లెక్క కట్టారు? మీరు నాలుగుసార్లు బంధువుల ఇంట్లో దిగానన్నారు కదా మావయ్యగారూ, ఆ నాలుగుసార్లూ పొద్దున్న కాఫీ ఎవరు పెట్టారు?

అక్కయ్యపాలెం:
అక్క చెప్పింది నిజం. మా అమ్మదీ ఇదే కథ.

సీతమ్మధార_తాతయ్య:
అమ్మా, ఓర్లాండోలో మావాళ్లు బయట వంటగది ఉన్న ఇల్లు అద్దెకి తీసుకున్నారు, డబ్బు కలిసొస్తుందని. మా ఆవిడ అయిదు రోజుల్లో మూడు రోజులు ఆ వంటగదిలోనే ఉంది. నువ్వు చెప్పేదాకా నాకది తట్టలేదు.

గాజువాక_మావయ్య:
పొద్దున్న నుంచి ఇది చదువుతున్నాను. కోపంతో రాయడం లేదు.

మూడోసారి, అంటే 2011లో, నేనూ హోటల్లోనే దిగాను. మొదట అలా రాయలేదు, పొరపాటే. లోపల కాదు, హయత్‌నగర్లో. మా అన్నయ్య ఇల్లు అక్కడికి రెండు కిలోమీటర్లు. వాళ్లని ఇబ్బంది పెట్టడం ఎందుకని చెప్పకుండా దిగాను. ఫిల్మ్ సిటీలోనే అన్నయ్య స్నేహితుడు మమ్మల్ని చూసి ఫోన్ చేశాడు. రాత్రి తొమ్మిదిన్నరకి అన్నయ్య లాడ్జికి వచ్చాడు. చేతిలో స్టీలు డబ్బా, వదిన చేసిన సున్నుండలు. లోపలికి రమ్మంటే రాలేదు. డబ్బా నా చేతిలో పెట్టి, "మా ఇంట్లో నీకు చోటు లేదనుకున్నావా" అని వెళ్లిపోయాడు. మా అమ్మాయి పెళ్లికి వచ్చాడు గానీ భోజనం చెయ్యకుండా వెళ్లాడు. రెండేళ్ల కిందట పోయాడు.

అందుకే పిన్ని ఇల్లు, పిన్ని ఇల్లు అని అన్నాను. డబ్బు గురించి కాదు. టీచరమ్మా, కాఫీ మాట అడిగారు. మూడుసార్లు వదినే పెట్టింది. నాకంటే అరగంట ముందు మా ఆవిడ లేచి వెళ్లేదని గుర్తు. ఇంకేం చేసేవారో నేను చూడలేదు.

ఎంవీపీ_టీచర్:
మీ అన్నయ్యగారి సంగతి చదివాను. నా మాట కటువుగా ఉంటే క్షమించండి. అభిప్రాయం మాత్రం మారలేదు. ఆయన బాధపడింది మీరు హోటల్లో దిగినందుక్కాదేమో, ముందు చెప్పనందుకేమో.

గాజువాక_మావయ్య:
కాదమ్మా. చెప్పినా బాధపడేవాడు. నాకు తెలుసు.

డాబాగార్డెన్స్:
మధురవాడ అన్నా, ఉన్నారా? మీ ఆవిడ ఏమంటున్నారు?

మధురవాడ_నాన్న:
ఉన్నాను. నిన్న రాత్రి ఈ చర్చంతా మా ఆవిడకి చదివి వినిపించాను. దోసెల దగ్గర ఆపమంది. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "నన్ను ముందే అడిగుండొచ్చు కదా" అంది.

పొద్దున్న పిన్నికి ఫోన్ చేశాను. మావయ్యగారు చెప్పినట్టే మొదట గట్టిగా కేకలేసింది, హోటలేంట్రా అని. ఆ తర్వాత తనకి ఈ మధ్యే కంటి ఆపరేషన్ అయిందని, పొయ్యి దగ్గరికి వెళ్లొద్దన్నారని చెప్పింది. ఆ మాట మాకెవరికీ చెప్పలేదు. కోడలు ఆఫీసుకెళ్లాక ఒక్కతే ఉంటోందట.

ఇలా అనుకున్నాం. పండగ వెళ్లిన మూడో రోజుకి రాత్రి బస్సు, గేటు దగ్గరే దిగడం. శాంతినికేతన్‌లో రెండు గదులు, ఒక రాత్రి. టికెట్టు సంగతి, గది ఎప్పుడిస్తారో, బండ్ల సంగతి తాతయ్యగారు చెప్పినట్టే ఫోన్లో అడిగి రాసుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం పిన్ని ఇంటికి. భోజనం బయట నుంచి మేమే పట్టుకెళ్తాం, మా అమ్మ అక్కడ రెండు రోజులు ఆవిడకి తోడుంటుంది. మిగతా అయిదుగురం ఆ సాయంత్రమే గోదావరికి. వనస్థలిపురంలో ఎన్నింటికి బయల్దేరాలి?

పెందుర్తి_డ్రైవర్:
రెండున్నరకల్లా ఇంట్లోంచి కదలండి. ఆటోలో ఎల్బీనగర్, అక్కడ మెట్రో ఎక్కితే లైను మారక్కర్లేదు, నాంపల్లిలో స్టేషన్ దగ్గరే దిగుతారు. నాన్నగారిని లిఫ్ట్‌లో తీసుకెళ్లండి, మెట్లు ఎక్కువ.

గాజువాక_మావయ్య:
పిన్నికి మాడుగుల హల్వా పట్టుకెళ్లు బాబూ. కంటి ఆపరేషన్ అంటున్నావు, షుగరుందేమో కనుక్కుని.