శ్రీకాకుళం, విజయనగరం ఎఫ్‌ఎం స్టేషన్లు పెద్ద సంస్థల చేతికి వెళ్తే మనకు నష్టమా?

నాగావళి శ్రోత, శ్రీకాకుళం:
2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ప్రైవేటు ఎఫ్‌ఎం ఛానెళ్ల వేలానికి ఆమోదం తెలిపింది. జాబితాలో మన రెండు పట్టణాలూ ఉన్నాయి. సంతోషమే. అయితే వేలంపాటలో నెగ్గేది ఇప్పటికే పదుల కొద్దీ స్టేషన్లున్న సంస్థలే కదా! అమెరికాలో ఒక సంస్థకు దేశమంతటా 40 స్టేషన్లే ఉండాలన్న పరిమితిని 1996 టెలికాం చట్టం ఎత్తేసింది. కొన్నేళ్లకే క్లియర్ ఛానెల్ సంస్థ దగ్గర సుమారు 1,200 స్టేషన్లు పోగయ్యాయి. 2002 జనవరిలో మైనాట్ అనే పట్టణం దగ్గర రైలు పట్టాలు తప్పి అమోనియా ఊరిని కమ్మేసింది. అక్కడి ఆరు వాణిజ్య స్టేషన్లూ ఆ సంస్థవే. హెచ్చరిక వినిపించమని స్టేషన్‌కు ఫోన్ చేస్తే ఎవరూ దొరకలేదని పోలీసులు చెప్పారు. తిత్లీ తుపానును చూసిన జిల్లా మనది. ఇది పరాయి ఊరి కథ అనుకోలేను.

కోట దగ్గర దుకాణదారు, విజయనగరం:
మైనాట్ విషయంలో పోలీసుల అత్యవసర హెచ్చరిక పరికరాలే సరిగా అమర్చలేదని ఆ సంస్థ వాదించింది. అదీ చెప్పాలి కదండీ. పైగా మన నిబంధనలు వేరు. ఒక ఊళ్లోని ఛానెళ్లలో 40 శాతానికి మించి ఒకరికి ఇవ్వరు, కనీసం ముగ్గురు యజమానులు ఉండాలి. దేశం మొత్తం మీద 15 శాతం దాటకూడదన్న పరిమితిని మాత్రం 2023లో తీసేశారు. నా భయం వేరే. 2016 వేలంలో 266 ఛానెళ్లు పెడితే 66 మాత్రమే అమ్ముడయ్యాయి. చిన్న ఊళ్లకు రావడానికే ఎవరూ ముందుకు రాలేదు. ఇక్కడ ప్రకటనలు ఇచ్చేది బంగారం, బట్టల దుకాణాలు, కాలేజీలు. అవైనా సిరిమాను, సంక్రాంతి, అడ్మిషన్ల రోజుల్లోనే. మిగతా నెలల్లో జీతాలు ఎక్కడి నుంచి తెస్తారు? నష్టాన్ని ఓర్చుకోగలిగేది పెద్ద సంస్థే.

నాగావళి శ్రోత:
ముగ్గురు యజమానులు ఉంటారు, నిజమే. కానీ అదే విధానం ఒక సంస్థ తన స్టేషన్లన్నిటిలో ఒకే కార్యక్రమాన్ని ప్రసారం చేసుకోవడానికి అనుమతించింది. ముగ్గురూ విశాఖలోనో హైదరాబాద్‌లోనో మాట్లాడించి ఇక్కడ ట్రాన్స్‌మిటర్ మాత్రమే నడిపితే? యజమానుల సంఖ్యను లెక్కపెట్టే నిబంధన, ఊళ్లో మైకు ముందు కూర్చునే మనిషిని లెక్కపెట్టడం లేదు. నా అభ్యంతరమంతా అక్కడే. ప్రైవేటు ఎఫ్‌ఎంలకు సొంత వార్తలు చెప్పే హక్కు లేదు, కావాలంటే ఆకాశవాణి వార్తలను యథాతథంగా వినిపించుకోవచ్చు, అంతే. కానీ స్థానిక అధికారులిచ్చే తుపాను, కరెంటు, నీటి సరఫరా ప్రకటనలు చదవవచ్చు. వంశధారకు వరద వచ్చిన రాత్రి కలెక్టరేట్ నుంచి వచ్చిన ప్రకటనను అందుకోవడానికి స్టూడియోలో ఎవరో ఒకరు ఉండాలి కదా?

ఉద్దానం కొబ్బరి రైతు:
2018 అక్టోబరు 11న తిత్లీ మా పలాస దగ్గరే తీరం దాటింది. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. ఏ దారి తెరిచారో, సరుకులు ఎక్కడ పంచుతున్నారో చెప్పే గొంతు లేక అల్లాడిపోయాం. బ్యాటరీ రేడియోకు అప్పుడున్న విలువ అనుభవించినవారికే తెలుసు. మీరిద్దరూ పట్టణాల గురించే మాట్లాడుతున్నారు. శ్రీకాకుళం ఎఫ్‌ఎం మా దాకా వినిపిస్తుందా? స్వచ్ఛంద సంస్థలు కమ్యూనిటీ రేడియో పెట్టుకోవచ్చని 2006లోనే అనుమతించారు. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులో 2008 నుంచి పల్లె మహిళలు సంఘం రేడియో నడుపుతున్నారు. ఉద్దానానికి ఒకటి ఎందుకు ఉండకూడదు?

కోట దగ్గర దుకాణదారు:
ఉండాలండీ, కాదనను. కానీ నాగావళి గారూ, రాత్రంతా మనిషిని కూర్చోబెట్టాలని లైసెన్సులో రాస్తే నష్టాన్ని ఓర్చుకోగల ఆ ఒక్క పెద్ద సంస్థా వేలానికి రాదు. అప్పుడేం చేస్తారు?

నాగావళి శ్రోత:
స్థూల ఆదాయంలో 4 శాతం వార్షిక రుసుముగా తీసుకుంటున్నారు. ఊళ్లో స్టూడియో పెట్టి, స్థానికులను ఉద్యోగంలో ఉంచి, తుపాను హెచ్చరిక ఉన్న రాత్రులు ప్రత్యక్ష ప్రసారం చేసే స్టేషన్‌కు ఆ రుసుములో రాయితీ ఇవ్వండి. హైదరాబాద్ కార్యక్రమాన్నే తిప్పి వినిపించే స్టేషన్ దగ్గర పూర్తిగా వసూలు చేయండి. అది పెద్ద సంస్థదైనా, మీ వీధి వ్యాపారిదైనా నాకు అభ్యంతరం లేదు.