ఉచితంగా టాక్స్ ఫైల్ చేసేవాళ్ళుండగా పైసలెందుకు పోయాలి?

నైట్‌షిఫ్ట్: అన్నయ్య స్పాన్సర్ చేస్తే గ్రీన్‌కార్డు మీద అమెరికా వచ్చాం. నేను గ్యాస్ స్టేషన్‌లో, మా ఆవిడ డేకేర్‌లో. ఇద్దరు పిల్లలు. తెలిసినాయన ఒకరు ఫైల్ చేసి రిఫండ్‌లో పది శాతం తీసుకునేవాడు. ఈసారి లైబ్రరీలో కూర్చునే వీటా (ఐఆర్‌ఎస్, అంటే అమెరికా పన్నుల శాఖ, నడిపే ఉచిత టాక్స్ సాయం) వాలంటీర్ల దగ్గరికి వెళ్ళాం. పైసా తీసుకోలేదు. పాత రిటర్న్ చూపిస్తే ఆ పెద్దావిడ వేలు పెట్టి చూపించింది: ప్రిపేరర్ సంతకం చోట ఖాళీ, కింద నాకు లేని క్లీనింగ్ వ్యాపారం, దాని మీద నష్టం! మనవాళ్ళు వీటాకి ఎందుకు వెళ్ళరు?

లెడ్జర్: చదవకుండా సంతకం ఎందుకు పెట్టారండి? నేనూ రిటర్న్‌లు చేస్తాను. ఎన్‌ఆర్‌ఈ ఖాతా (ఎన్నారైలు ఇండియా బ్యాంకులో తెరిచేది) వడ్డీకి ఇండియాలో పన్ను లేదు, ఇక్కడ ఉంది. ఆ సంగతి వాలంటీర్లకేం తెలుసు?

నైట్‌షిఫ్ట్: మొదటే అడిగారు. విదేశీ ఖాతా ప్రశ్న రిటర్న్‌తో పెట్టే షెడ్యూల్ బీ ఫారంలోనే ఉంది. వాళ్ళు ఐఆర్‌ఎస్ పరీక్ష పాసై కూర్చుంటారు, ఒకరు చేసింది ఇంకొకరు సరిచూస్తారు.

లెడ్జర్: సంతకం ఎందుకు పెట్టారో చెప్పలేదు.

నైట్‌షిఫ్ట్: నమ్మి పెట్టాను! రిఫండ్‌లో శాతం అడిగేవాళ్ళ దగ్గరికి వెళ్ళొద్దని ఐఆర్‌ఎస్సే చెబుతుందని అప్పుడు తెలియదు.

గోదారిపిల్ల: మా దగ్గర రెండు గంటలు కూర్చోబెట్టారు.

పోస్ట్‌డాక్: నా బాధ వేరు. హెచ్-1బీ, ఏడాది జీతం 50 వేల డాలర్లు, పాప ఇక్కడే పుట్టింది. తక్కువ జీతాలవాళ్ళకిచ్చే టాక్స్ క్రెడిట్ ఈఐటీసీకి భార్యాభర్తలిద్దరికీ ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) ఉండాలట. మా ఆవిడది హెచ్-4 డిపెండెంట్ వీసా, ఉన్నది ఐటీఐఎన్ (ఎస్‌ఎస్‌ఎన్ రానివాళ్ళకిచ్చే పన్ను నంబరు). నాకు సున్నా. పన్ను మాత్రం నేనూ కడుతున్నాను.

లెడ్జర్: చూశారా, ఒకరు కడతారు, ఒకరు తీసుకుంటారు. ఇన్నేళ్ళూ మనం ఇక్కడ తలెత్తుకుని బతికాం. సర్కారు సొమ్ముకి లైన్లో నిలబడ్డారంటే మనవాళ్ళలో పరువేముంటుంది?

నైట్‌షిఫ్ట్: అదీ అసలు మాట! మా అన్నయ్యా అదే అన్నాడు. ముందు ఐ-864 (మమ్మల్ని పోషించే పూచీ తనదేనన్న స్పాన్సర్ పత్రం) మీద సంతకం పెట్టింది తనేనని, మేం తీసుకుంటే తన మీద పడుతుందని భయపెట్టాడు. టాక్స్ క్రెడిట్ ఆ లెక్కలోకి రాదని చెప్తే, "నలుగురికీ తెలిస్తే?" అన్నాడు. సంపాదన లేకుండా ఈఐటీసీ రాదండి. రాత్రి పదకొండు నుంచి పొద్దున ఏడుదాకా నిలబడతాను. 2024 సంపాదనకి, ఇద్దరు పిల్లలుంటే 6,960 డాలర్ల దాకా ఇస్తారు. అది నా హక్కు. పోస్ట్‌డాక్ గారికి అన్యాయం జరిగిందంటే ఒప్పుకుంటాను, కానీ అది నా తప్పు కాదు.

పోస్ట్‌డాక్: మిమ్మల్ని అనలేదు అన్నా.

లెడ్జర్: నేను పరువు సంగతే అన్నాను. ఇప్పటికీ అంటాను.

గోదారిపిల్ల: అన్నయ్యా, ఏమేం పట్టుకెళ్ళాలి? పోయినసారి కార్డులు లేవని తిప్పి పంపారు.

నైట్‌షిఫ్ట్: అందరి ఎస్‌ఎస్‌ఎన్ కార్డులు, ఫోటో ఐడీలు, డబ్ల్యూ-2లు (ఏడాది జీతం కాగితాలు), నిరుటి రిటర్న్. పిల్లల్ని డేకేర్‌లో వేస్తే ఆ డేకేర్ ఈఐఎన్ (వ్యాపారాలకిచ్చే పన్ను నంబరు). జాయింట్ అయితే బావగారూ రావాలమ్మా.