అప్‌డేట్: చివరికి జీఆర్‌బీఎల్‌తోనే వెళ్లాను

మూడు యాక్సిస్‌లలో (దిశల్లో) కదిలి చెక్క కోసే నా చిన్న రౌటర్ యంత్రాన్ని నడపడానికి మాక్3, లినక్స్‌సీఎన్‌సీ, జీఆర్‌బీఎల్ అనే కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌లలో ఏది మేలని ఇక్కడ అడిగాను కదా. ప్యారలల్ పోర్ట్‌తో (పాత ప్రింటర్ సాకెట్) మాక్3 నడపాలంటే 32 బిట్ విండోస్ కావాలి, అందుకే దాన్ని పక్కన పెట్టాను. లినక్స్‌సీఎన్‌సీ చాలా నచ్చింది. కానీ లేటెన్సీ టెస్ట్ (కంప్యూటర్ స్పందన ఎంత ఆలస్యమవుతుందో చూసే పరీక్ష) పెట్టి, బ్రౌజర్ తెరిచి విండోలు కదిలించేసరికి నా పాత కంప్యూటర్‌లో జిట్టర్ (ఆ టైమింగ్‌లో వచ్చే హెచ్చుతగ్గులు) బాగా పెరిగిపోయింది. మోటార్‌ని స్టెప్పు స్టెప్పుగా తిప్పే పల్సులు ఆ కంప్యూటరే పంపితే మోటార్ స్టెప్పులు తప్పుతుందేమోనని టెన్షన్.

మీలో ఒకరు ముందు ఎంత వేగం వస్తుందో లెక్క వేసుకోమన్నారు. అదే నా కళ్లు తెరిపించింది. స్క్రూ ఒక చుట్టుకు 5 మి.మీ. జరుపుతుంది, మోటార్ డ్రైవర్‌కి చుట్టుకు 1600 పల్సులు కావాలి, అంటే మి.మీ.కి 320. ఆర్డుయినో ఊనో అనే విడి చిన్న బోర్డు మీద నడిచే జీఆర్‌బీఎల్ సెకనుకు దాదాపు 30,000 పల్సులు ఇస్తుంది. అంటే నిమిషానికి దాదాపు 5,600 మి.మీ. వేగం! నాకు 2,000 చాలు.

నిన్న మొదటిసారి చెక్క కోశాను, గుండ్రని గీత గుండ్రంగానే వచ్చింది. నాలుగో యాక్సిస్ పెట్టే రోజున లినక్స్‌సీఎన్‌సీకి మారతాను. అందరికీ చాలా థాంక్స్.