అప్‌డేట్: నా మొదటి హౌస్ ట్రాక్‌లో కిక్ ఎందుకు తేలిపోయిందో తెలిసింది

పోయిన నెల నా మొదటి హౌస్ (ఒక రకం డాన్స్ మ్యూజిక్) ట్రాక్ వినిపించి, "కిక్ (బీట్‌లో పడే బరువైన డ్రమ్ దెబ్బ) ఎంత పెంచినా దమ్ము రావట్లేదు, ఎక్కడ తప్పు?" అని అడిగాను కదా. చాలామంది ఒకటే అన్నారు: కిక్‌ని వదిలెయ్, బేస్ సంగతి చూడు. నిజమే. రెండూ 50-60 హెర్ట్జ్ దగ్గరే కొట్టుకుంటున్నాయి. సైడ్‌చెయిన్ పెట్టి, కిక్ పడ్డప్పుడల్లా బేస్ ఐదారు డెసిబెల్స్ దిగేలా చేశాను. వెనకాల సాగుతూ ఉండే ప్యాడ్ శబ్దంలో 150 హెర్ట్జ్ కిందిదంతా కోసేశాను. అంతే, కిక్ ఛాతీకి తగిలింది! కిక్ వాల్యూమ్ ఫేడర్ ముట్టుకోనే లేదు.

తర్వాత ఫోన్‌లో వింటే బేస్ మాయం. ఆ బుల్లి స్పీకర్ అంత కింది శబ్దం పలకలేదట. కాస్త శాచురేషన్ (శబ్దాన్ని కొద్దిగా గరుకు చేసే ఎఫెక్ట్) వేస్తే పై హార్మోనిక్స్, అంటే అదే స్వరానికి పైన పలికే శబ్దాలు పుట్టి, ఇప్పుడు ఫోన్‌లోనూ తెలుస్తోంది.

ఇంట్రో సాగదీశానన్న మాటా ఒప్పుకున్నా. 124 బీపీఎంలో (నిమిషానికి 124 బీట్లు) 32 బార్లంటే, బార్‌కి నాలుగు బీట్ల లెక్కన నిమిషం పైనే. సగానికి కోశాను.

ఒక్కటి మాత్రం వినలేదు. క్లాప్ (చప్పట్ల శబ్దం) బదులు వాడిన డప్పు శాంపిల్ తీసేయమన్నారు. జాతరలో నేనే ఫోన్‌తో రికార్డు చేసుకున్నా, వెనకాల ఎవరో "ఒరేయ్ జరగరా" అనడం కూడా వినిపిస్తుంది. అది ఉంటుంది.