ముదురు కాగితంపై చెక్క అచ్చు: తెల్ల సిరా నిండుగా పడాలంటే ఏం చేయాలి?
సులుస్ అనే అలంకార లిపిలోని ఒక అరబిక్ పదాన్ని చెక్కపై తిరగేసి చెక్కి, ముదురు నీలం కాగితంపై తెల్లని నూనె సిరాతో చేత్తో రుద్ది అచ్చు వేస్తున్నాను. అడుగునున్న నీలం తొంగిచూసి అక్షరాలు బూడిద రంగుగా కనిపిస్తున్నాయి. సిరా దట్టంగా పూస్తే చుక్కల మధ్య సందులు పూడిపోతున్నాయి. ఈ లిపిలో అలిఫ్ అనే నిలువు గీతలాంటి అక్షరం ఎత్తును సైతం కలం మొన వెడల్పున్న చుక్కలతోనే కొలుస్తారు. అలాంటి చుక్క అంచు మొద్దుబారితే అక్షరం అందమే పోతుంది. అందుకే ఈ పట్టుదల.

పలుచగా ఒకసారి వేసి, ఆరాక అదే దిమ్మెతో మళ్లీ అచ్చు వేయడం మేలా? అప్పుడు కాగితం వెంట్రుకవాసి కూడా జరగకుండా ఎలా అమర్చుకోవాలి? కాగితాన్ని కాస్త తడిపితే సిరా బాగా పడుతుందంటారు గానీ, నీలం దిగిపోతుందేమోనని భయంగా ఉంది. అనుభవమున్నవారు దయచేసి చెప్పండి.