ముందు సీటులో ఎవరున్నారో కారు తేల్చాలా, మనం తేల్చాలా?

కృష్ణాతీరం: మన కార్లలో పక్కసీటు ఎయిర్‌బ్యాగును ఆపే ఏర్పాటు ఉన్నా, అది ఎక్కువగా తాళంచెవితో తిప్పే స్విచ్చే. బెల్టు పెట్టుకోమని మోగించే సీటు సెన్సారుకు కూరగాయల సంచికీ మనిషికీ తేడా తెలియదు. అమెరికాలో 2000లో తెచ్చిన నిబంధన ప్రకారం, ఆ సీటులో పసివాడు ఉంటే ఎయిర్‌బ్యాగు తెరుచుకోకుండా ఆగాలి, లేదా హాని చేయనంత తక్కువ బలంతో తెరుచుకోవాలి. ఆ నిబంధన ఇక్కడికీ రావాలి.

డాలస్_ప్రవాసి: ఆ నిబంధనతోనే మాకు ఇబ్బంది. నా భార్య బరువు 43 కిలోలు. ఆమె కూర్చున్నప్పుడల్లా సీటులోని సెన్సారు బరువు చూసి పిల్లవాడనుకుంటుంది, ఎయిర్‌బ్యాగు ఆగినట్టు దీపం వెలుగుతుంది. సర్వీసు కేంద్రం వారు నిటారుగా కూర్చోమని చెప్పి పంపేశారు. ఆ నిబంధన కింద కార్లను పరీక్షించడానికి వాడే చిన్న ఆకారపు స్త్రీ బొమ్మ బరువే సుమారు 49 కిలోలు. అంతకంటే తేలికైన పెద్దవారిని ఎవరు పట్టించుకుంటారు? స్విచ్ ఉంటే నేనే ఆన్ చేసుకునేవాణ్ని.

రహదారి: తలుపు వైపు ఒరిగినా బరువు తక్కువగా కనబడవచ్చు.

కృష్ణాతీరం: మీరు 43 కిలోల దగ్గరే ఆగిపోయారు. 2024 డిసెంబరులో నవీ ముంబై వాశిలో ముందు సీటులో ఉన్న ఆరేళ్ల బాలుడు ఎయిర్‌బ్యాగు తెరుచుకున్న ప్రమాదంలో చనిపోయాడు. స్విచ్ తిప్పడం మరచిపోయే తల్లిదండ్రుల సంగతి ఏమిటి?

డాలస్_ప్రవాసి: ఆ బాలుడు వెనుక సీటులో ఉండాల్సింది. నేను మొదటి నుంచీ చెబుతున్నది అదే.

గుంటూరు_గృహిణి: మీరు మొదటి నుంచీ చెప్పింది మీ భార్యగారి బరువు గురించి మాత్రమే. మా చిన్న కారులో అత్తమామలు, పెద్దపిల్లలు వెనుక కూర్చుంటారు కనుక మూడేళ్ల పాప నా ఒడిలోనే ఉంటుంది. సెన్సారు పెడితే మా ఇద్దరి బరువూ కలిపి ఒక పెద్దమనిషిగా లెక్కగడుతుంది, స్విచ్ ఆపితే నాకు రక్షణ పోతుంది. మీ ఇద్దరి వాదంలోనూ మేము లేము.

డాలస్_ప్రవాసి: అమ్మా, ఎయిర్‌బ్యాగు ఎదుట పాపను ఒడిలో పెట్టుకోవడం ఘోరం! రెప్పపాటులో అది విచ్చుకున్నప్పుడు పాప మీకూ దానికీ మధ్య నలిగిపోతుంది.

కృష్ణాతీరం: ఆవిడను నిందించడం ఆపండి. జనం ఎలా ప్రయాణిస్తున్నారో గమనించి, ఒడిలోని బిడ్డను కూడా కెమెరాతో గుర్తించే యంత్రం కావాలన్నదే నా కోరిక. మనుషులే మారాలని మీరంటారు.

డాలస్_ప్రవాసి: అవును, మారాలి. ఒడిలో బిడ్డ కనబడితే కారు కదలనే కూడదు.

గుంటూరు_గృహిణి: అర్ధరాత్రి జ్వరంతో ఒళ్లు కాలిపోతున్న పాపను ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు కూడానా? దానికి జవాబు చెప్పండి.